ఆరేళ్లుగా పాత మ్యాపులతో మా లంకల్లో

"పాత ఊరు ఏట్లో ఉందిరా" అనేది మా అమ్మమ్మ. గోదావరి పాయ గౌతమి ఒడ్డున పుట్టిన మనిషి. ఆ మాట సంగతి తేల్చుకుందామని ఆరేళ్ల కిందట పాత మ్యాపులు పట్టుకున్నాను. మన డెల్టాలో ఊరి చరిత్ర వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి ఆధారం నాకు కనబడలేదు.

మొదట దొరికింది అమెరికా సైన్యం 1950ల్లో వేసిన 1:2,50,000 షీటు. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉచితం. సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు కాబట్టి ఊరంటే చుక్కే. పాయలు చూసుకోవడానికి చాలు. అసలు సరుకు సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లలో ఉంది, మైలుకి అంగుళం చొప్పున వేసినవి. కోనసీమవాళ్లు రెండు నంబర్ల కింద వెతకాలి. 82 డిగ్రీల రేఖాంశం అమలాపురం పక్కనుంచే పోతుంది. దానికి పడమర ఊళ్ల షీట్లు 65 ఎచ్ కింద, తూర్పు ఊళ్లవి 65 ఎల్ కింద ఉంటాయి. అంచున సర్వే చేసిన సంవత్సరం, అచ్చేసిన సంవత్సరం వేరువేరుగా ఉంటాయి. మనకి కావలసింది మొదటిది.

పాత షీటుని ఇప్పటి శాటిలైట్ ఫొటో మీద పరచడానికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడాను, అదీ ఉచితమే. ఇక్కడే మూడు నెలలు పోగొట్టుకున్నాను. రెండిట్లోనూ కనబడుతున్నాయి కదా అని లంక కొనలు, పాయలు చీలే చోట్లు గుర్తులుగా పెట్టాను. మ్యాపంతా వంకరపోయింది. పాతవాళ్లు తప్పు కొలిచారనుకున్నాను. తప్పు నాదే. మన దగ్గర ఏటి ఒడ్డు ఒకచోట ఉండదు, ఒక వరదకి కోసుకుపోతుంది, ఇంకో వరదకి మేట వేస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ ఆనకట్ట నుంచి వచ్చే కాలవల మీది పాత లాకులు, ద్రాక్షారామం భీమేశ్వరాలయం లాంటివి గుర్తులుగా పెట్టుకుంటే షీటు చక్కగా కూర్చుంది. అప్పుడు చూస్తే మా పాత ఊరి చుక్క నీళ్ల మధ్యలో ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రింటు తీసుకుని రేవుకి వెళ్లాను. పడవ నడిపే పెద్దాయన కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఆయ్, ఇక్కడే బాబూ. ఎండాకాలం గెడ వేస్తే ఇటికలు తగులుతాయి" అన్నారు. మ్యాపులో లేని పేట పేర్లు నాలుగు ఆయనే చెప్పారు. షీటు ఒక్కటే ముందేసుకుని ఇంట్లో కూర్చుంటే అవి నాకు ఎప్పటికీ తెలిసేవి కావు.

పాత షీట్లలో పేర్లతో కొంచెం ఇబ్బంది. కాకినాడ 'కొకనాడ', ఏలూరు 'ఎల్లోర్' అని ఉంటాయి. పైకి చదివితే తెలిసిపోతాయి. ఊరి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతలు రాసిన సర్వే పుస్తకం) నకలు కోసం ఒక ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగాను, చివరికి మసకబారిన కాపీ ఇచ్చారు. పాతవాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. పొలం తగాదాలకి మాత్రం ఈ మ్యాపు షీటు పట్టుకెళ్లకండి, అక్కడ సర్వే రికార్డే చెల్లుతుంది.

ఇప్పుడు కోరంగి వైపు మొదలుపెట్టాను. 1839 తుఫానుకి దెబ్బతిన్న రేవు అది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె ఉత్తరంగా ఎంత పెరిగిందో షీటు షీటుకీ కొలుస్తున్నాను.