మురళీధర్ గౌడ్, సాయిచంద్, ఝాన్సీ: ఎవరిది పైచేయి?

బలగం సినిమా వచ్చినప్పటి నుంచి మా చుట్టాలిళ్లల్లో ఏ దావత్ అయినా ఒకటే ముచ్చట. బంతి లేచి, చేతులు కడుక్కొని, వక్కపొడి నోట్లో వేసుకున్నాక ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు. "మన దిక్కు సినిమాల్ల హీరోహీరోయిన్లను ఇడిసిపెడితే, అందరికంటె మంచిగ చేసిందెవరు?" హన్మకొండలో ఉండే మా బావది ఎప్పుడూ ఒకటే జవాబు, బలగంలో కొమురయ్య తాత చేసిన కేతిరి సుధాకర్ రెడ్డి. మా అక్కది అదే సినిమాలో ఆయన బిడ్డగా చేసిన రూపాలక్ష్మి. ఇరవై ఏళ్లు పుట్టింటి మొహం చూడక, తీరా తండ్రి పోయాక వచ్చి పడి ఏడ్చే బిడ్డను చూసి అక్క ఇప్పటికీ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది.

ఆ ఇద్దరితో నాకు పేచీ లేదు. కాకపోతే వాళ్లకు రావాల్సిన పేరు వచ్చింది. రూపాలక్ష్మికి ఫిల్మ్‌ఫేర్ కూడా ఇచ్చారు. కేతిరి సుధాకర్ రెడ్డిని ఊళ్లల్లో ఇప్పుడు అందరూ తాత అనే పిలుస్తారు. నా లెక్కలోకి వచ్చేవాళ్లు వేరే. సినిమా మస్తుంది అంటాం, వాళ్ల సీన్లు కూడా చెప్పుకుంటాం, పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆ అల్లుడు చేసినాయన", "ఆ పిల్ల తండ్రి", "మల్లేశం తల్లి" అంటాం. అల్లుడంటే బలగంలో మురళీధర్ గౌడ్. పిల్ల తండ్రి అంటే ఫిదా, విరాటపర్వంలలో సాయిచంద్. తల్లి అంటే మల్లేశం సినిమాలో ఝాన్సీ. ఈ ముగ్గురిలో ఎవరు ముందు అన్నదే నాకు అసలు పంచాయితీ.

చాలామంది యాసతో కొలుస్తారు. నేనూ చాన్నాళ్లు అట్లనే కొలిచాను. 'ఉండేది' అనాల్సిన చోట 'ఉండె' అన్నారా లేదా అని చెవులు రిక్కించి వినేవాణ్ని. తెలంగాణ శకుంతల సంగతి తలుచుకుంటే ఆ కొలత నిలబడలేదు. ఆమె పుట్టింది మహారాష్ట్రలో, ఇంట్లో మాట్లాడింది మరాఠీ. మాభూమితో సినిమాల్లోకి వచ్చింది. యాస ఎంత పట్టుకుందంటే ప్రాంతం పేరే ఆమెకు ఇంటిపేరైంది. సాయిచంద్‌ది కూడా అదే కథ. రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు, కృష్ణా జిల్లా మూలాలున్న కుటుంబం. ఆ మనిషి మాభూమిలో రామయ్య చేస్తే నల్లగొండ పిలగాడు కాదని ఎవరూ అనలేదు. అంటే యాస కష్టపడితే వస్తుంది. గొప్పే, కాదనను. కానీ వచ్చేదానితో మొదటి స్థానం ఎట్ల ఇస్తాం?

నేను చేతులు చూస్తాను. ఇది నా సొంత తెలివి కాదు, మా బాపమ్మది.

బాపమ్మ వరంగల్ కొత్తవాడలో జంపఖానా మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఎడమచేత్తో నూలు, కుడిచేత్తో రాట్నం, కళ్లు మాత్రం వాకిట్లో ఎవరు పోతున్నారో వాళ్ల మీద. టీవీలో పాత సినిమా వచ్చేది. మొగుడు పోయిన తల్లి రాత్రంతా కుట్టుమిషన్ తొక్కి కొడుకును చదివించే సీను ఆ రోజుల్లో ప్రతి రెండో సినిమాలో ఉండేది కదా. మేమందరం ముక్కులు ఎగబీలుస్తుంటే ఆమె నవ్వేది. "బట్ట ముంగటికి జరుగుతలేదు సూడున్రి. గామె గాలిని కుడుతున్నది." ఇంకో మాట కూడా అనేది. "పని చేతనైనోళ్లు చెయ్యి దిక్కు సూడరు. సూసిన్రంటే కొత్తోళ్లన్నట్టు."

ఆ మాట విన్నాక నాకు చాలా సినిమాలు పాడైపోయాయి. నాగలి పట్టిన హీరోలు, బీడీలు చుట్టే హీరోయిన్లు, తట్టలు మోసే గుంపులు, ఎవరిని చూసినా కళ్లు చేతుల మీదికే పోతున్నాయి. పని రాదని తెలిసిపోతుంది. మనం చూస్తున్నామని వాళ్లకు తెలుసన్న సంగతీ తెలిసిపోతుంది.

ఇక ముగ్గురి లెక్కకు వద్దాం.

మురళీధర్ గౌడ్‌ను నేను మూడో స్థానంలో పెడుతూ వచ్చాను. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇటు వచ్చిన మనిషి. డీజే టిల్లులో తండ్రిగా చూసి నవ్వుకున్నాం. బలగంలో నారాయణను చూసి కూడా నవ్వాం, కానీ ఆ నవ్వు వేరు. చనిపోయిన తాతకు పెట్టిన కూడును పిట్ట (కాకి) ఎందుకు ముట్టలేదని ఇంట్లో అందరూ పైకి చూస్తుంటే, ఈయన మాత్రం తనకు ఏ మర్యాద తక్కువైందో లెక్కపెట్టుకుంటుంటాడు. దావత్‌లో తనకు వెయ్యని నల్లి బొక్క (మాంసంలోని మూలుగు ఎముక) కోసం ఇరవై ఏళ్ల పగ. రాసుకుంటే అది జోక్. కామెడీ చేద్దామనుకున్న నటుడైతే ఆ పాత్రను రెండు సీన్లలో ఖతం చేసేవాడు. మురళీధర్ గౌడ్ జోక్ అనుకోలేదు. నారాయణకు నిజంగానే అన్యాయం జరిగిందని నమ్మి చేశారు. అందుకే ఆ మొహం చూస్తే మనకు తెలిసిన అల్లుళ్లు గుర్తొస్తారు. మా ఇంట్లో ఇద్దరున్నారు, పేర్లు చెప్తే వచ్చే దసరాకు నాకు పిలుపుండదు. ఇంత చేసినా మూడో స్థానం ఎందుకంటే, అదంతా మొహంతో చేసిన పని. ముడుచుకున్న మూతి, పక్కకు తిప్పుకున్న కళ్లు. బాగుంది. నా కొలతకు మాత్రం అందలేదు.

సాయిచంద్ దగ్గర చిక్కు ఏమిటంటే ఒక సినిమాతో ఆయన్ని తూచలేం. ఫిదా (2017), విరాటపర్వం (2022) రెండింట్లోనూ సాయిపల్లవికి తండ్రి ఆయనే. ఒక సినిమాలో బిడ్డ తండ్రిని, బాన్సువాడను వదిలి పోనంటుంది. ఇంకో సినిమాలో బావతో పెళ్లి కుదిరిస్తే, ఆ పెళ్లి వద్దని నక్సలైట్లను వెతుక్కుంటూ అడవి దారి పడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. నేను ఒక ఆదివారం పొద్దున ఒకటి, పగటి అన్నం తిన్నాక ఇంకోటి చూశాను. మొదటి తండ్రికి పోయేది ఒక్కో బిడ్డ, అదీ పెళ్లి చేసుకొని. పెద్ద బిడ్డ అమెరికా పోతుంది, చిన్నబిడ్డ ఆమెకు సాయంగా పోతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఆయన ఎక్కడా ఏడ్చి చూపించరు. ఇద్దరు ఆడపిల్లలను ఒక్కడే పెంచిన మనిషి నిమ్మళం ఉంటుంది చూడండి, అది చేతుల్లో ఉంటుంది. రెండో సినిమాలో ఆ నిమ్మళం లేదు. అవే చేతులు, కానీ వాటికి ఏం చెయ్యాలో తెలియదు. కొట్టలేవు, ఆపలేవు, వదల్లేవు. మన జిల్లాల్లో తొంభైల్లో అడవికి పోయిన పిల్లల ఇళ్లను దగ్గర నుంచి చూసినవాళ్లకు ఆ తండ్రిని వేరే చెప్పక్కర్లేదు. మాభూమి తర్వాత ఏళ్లకేళ్లు తెరకు దూరంగా ఉన్న మనిషి తిరిగొచ్చి ఇద్దరు తండ్రులను ఇట్ల వేరువేరుగా చేసి పెడితే, మనం మాట్లాడుకున్నది ఆ బిడ్డల గురించే, భానుమతి గురించి, వెన్నెల గురించి. రెండో స్థానం.

మిగిలినవాళ్లను కూడా అడుగుతారు కాబట్టి ఒక్కో మాట. విరాటపర్వంలో తల్లిగా ఈశ్వరీరావు బాగా చేసింది, కానీ సినిమా మొదట్లో కాన్పు సీను తప్ప ఆమెకు చోటు ఇయ్యలేదు. ఫిదాలో అక్క చేసిన శరణ్య మంచి నటి, ఆ తర్వాత ఇంకా మంచి పాత్రలు దొరికాయి, ఆమెను మరిచిపోయిన జాబితాలో పెట్టక్కర్లేదు. దసరా సినిమాలో దీక్షిత్ శెట్టి సగం హీరో. ఈ లెక్కలోకి రాడు.

ఇప్పుడు ఝాన్సీ. మల్లేశం (2019) చూసినవాళ్లు మా చుట్టుపక్కల తక్కువ. చూసినవాళ్లు కూడా ప్రియదర్శి గురించి, మిషన్ గురించి మాట్లాడతారు. కథ తెలిసిందే. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి భుజం నొప్పి చూడలేక కొడుకు 1992లో ఆసు మిషన్ (చీర నేసేముందు నూలును మేకుల చుట్టూ పోసే యంత్రం) పని మొదలుపెట్టి, 1999కి పూర్తిచేస్తాడు. 2017లో పద్మశ్రీ వస్తుంది. ఇట్లాంటి కథలో తల్లి పాత్రకు ఒక ప్రమాదం ఉంది. ఆమె మనిషి కాకుండా కారణం అయిపోతుంది. మిషన్ ఎందుకు కనిపెట్టాడు? అమ్మ కోసం. అయిపోయింది, ఇక ఆమె పక్కకు జరగొచ్చు. ఎవరు చేసినా ఒక రెండు సీన్లు మూలిగి, చివర్లో ఒకసారి కళ్లు తుడుచుకుంటే సరిపోయే పాత్ర అది.

ఆసు పోయడం ఏమిటో ఒంటికి తెలిసినవాళ్లకు అది సరిపోదు. ఒక దిక్కు అర్ధచంద్రంలా మేకులు, ఇంకో దిక్కు ఒకటే మేకు, మధ్యలో గజం దూరం. ఆ మేకుల చుట్టూ నూలు పోస్తూ చెయ్యి అటూ ఇటూ తిరగాలి. ఒక్క చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇది మణికట్టు పని కాదు, భుజం పని. ఆ సంఖ్యను సినిమాలో చూపించలేరు, చూపిస్తే ఎవరూ కూర్చోరు. చూపించాల్సింది ఆ 18,000 తర్వాతి చెయ్యిని. ఝాన్సీ అదే చేసింది. ఆసు ముందు కూర్చున్న సీన్లకంటే, ఆసు లేని సీన్లలోనే నాకు ఆ పని ఎక్కువ కనిపించింది. మామూలుగా ఇంట్లో తిరుగుతున్నా ఆ భుజం ఆమెది కానట్టు, ఎవరో అప్పుగా ఇచ్చిన భుజాన్ని జాగ్రత్తగా మోస్తున్నట్టు ఉంటుంది. మల్లేశం మిషన్ ఎందుకు కావాలనుకున్నాడో చెప్పడానికి ఇక డైలాగ్ అక్కర్లేదు.

దీనికి తోడు ఇంకోటి. ఝాన్సీ మనకు ఎప్పటి నుంచో తెలిసింది టీవీలో. మాటకారి, గలగల మాట్లాడే మనిషి. ఆ గొంతు మనకు బాగా అలవాటు కావడం వల్ల, ఆమె ఏ పాత్ర వేసినా మొదటి నిమిషం యాంకరే కనిపిస్తుంది. ఇక్కడ కూడా కనిపించింది. ఒక్క నిమిషమే.

బాపమ్మకు ఈ సినిమా నేనే ఫోన్లో పెట్టి చూపించాను. కొత్తవాడలో ఆసు లేదు. జంపఖానాలకు అది పనికిరాదు, అది పోచంపల్లి దిక్కు పట్టుచీరల పని. అందుకే మొదట ఆమెకు ఆ మేకుల చట్రం ఏమిటో అర్థం కాలేదు, అడిగి చెప్పించుకుంది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. గాలిని కుడుతున్నది అనలేదు. మధ్యలో ఒక్కసారి, "గీ పిల్లకు రాత్రి నిద్ర పట్టదు, పండుకుంటే గుంజుతది" అంది. నటి గురించి అన్నదో, పాత్ర గురించి అన్నదో నేను అడగలేదు. నాకు మొదటి స్థానం అక్కడే తేలిపోయింది.

ఇదంతా పోయిన నెల ఒక దావత్‌లో బావకు చెప్పాను. సాంతం విన్నాడు. విని, "గట్లయితే నల్లి బొక్క కాడ లొల్లి అయినప్పుడు నారాయణ చెయ్యి యాడున్నది?" అన్నాడు. నేను ఆలోచించాను. అన్నం ముందు కూర్చున్న అల్లుడు, కోపంతో మాట పెరుగుతుంటే చెయ్యి విస్తరిలోనే ఉంటుంది కదా. కడుక్కొని లేస్తే మర్యాద పోతుంది, తింటే పరువు పోతుంది. ఆ ఎంగిలి చెయ్యిని నేను ఇన్నిసార్లు చూసి కూడా గమనించలేదు, మొహమే చూశాను.

సాయిచంద్ రెండో స్థానం నాకిప్పుడు కొంచెం కదులుతున్నట్టే ఉంది. ఈసారి బలగం సౌండ్ బంద్ చేసి చూడాలి. బావ మాత్రం అప్పటికే లేచిపోయాడు, కొమురయ్య తాతకే తన ఓటని ఇంకొకరికి చెప్తున్నాడు.