నెల్లూరు మండువా లోగిలి: చెక్క పని భేష్, సిమెంటుతోనే పేచీ

నెల్లూరు పాత వీధుల్లోని ఈ మండువా ఇల్లు (నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశం కనబడే పాతకాలపు ఇల్లు) ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. హరికథకో కచేరీకో వెళితే ముందు తలెత్తి దూలాలు చూడండి. పెయింటు వేయలేదు. సగం మార్కులు దానికే ఇచ్చేయొచ్చు. పాత టేకుకు ఎనామిల్ పెయింటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పూత పెచ్చులు లేస్తుంది, చెక్క పుచ్చుతుంది. ఇక్కడ పాత రంగు గీకేసి అవిసె నూనె పట్టించారు. మొదటి పూతకు నూనె, టర్పెంటైన్ సమపాళ్లు. తర్వాతివి ఉత్త నూనె, గుడ్డతో పల్చగా. తడిమితే జిడ్డంటదు, పూతకూ పూతకూ మధ్య ఆరనిచ్చారన్నమాట.

స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలిచాయి. చెదలు ఎక్కాలంటే రాయి మీదుగా మట్టి గూడు కట్టుకుంటూ రావాలి, వెంటనే కనబడిపోతాయి. అడుగు పుచ్చిన ఒక స్తంభాన్ని పూర్తిగా మార్చకుండా, పుచ్చినంతే కోసి పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలిపి చెక్క మేకులు దిగ్గొట్టారు. వేలితో రాసినా అతుకు తగలదు. అంత ఓపికున్న వడ్రంగి ఈ రోజుల్లో దొరకడమే గొప్ప.

చెడగొట్టింది గోడల దగ్గర. సున్నం రాలిన చోటల్లా సిమెంటు మెత్తారు. సున్నపు గోడ పీల్చిన చెమ్మను మళ్లీ వదిలేస్తుంది, సిమెంటు పూత వదలనివ్వదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు దంచే ఊరిది. ఆ చెమ్మ గోడలో దిగిన దూలం కొసకు చేరుతుంది. వేదిక కుడివైపు రెండో దూలం కింద గోధుమరంగు చార ఉంది, అక్కడ చెక్కను వేలితో తట్టితే డొల్లగా మోగుతోంది. సిమెంటు చెక్కేసి, 1 పాలు సున్నం, 3 పాళ్లు ఇసుకతో పూయాలి. దూలం కొస చుట్టూ గాలాడే సందు వదలాలి. వానలకు ముందే.

మేడ మీద కూచిపూడి మాత్రం పెట్టకూడదు. కూర్చున్న జనం బరువు ఒక లెక్క, అడుగులన్నీ ఒకే తాళంలో పడటం ఇంకో లెక్క. దంతెలు (మిద్దెను మోసే అడ్డకర్రలు) ఊగి మిద్దె సున్నం పగులుతుంది. పైన బొమ్మల ప్రదర్శన చాలు.

వినడానికి మండువా పక్క వసారా మేలు. మైకు లేకపోయినా తంబుర శ్రుతి అందుతుంది. వానపడే రోజు మాత్రం తూములో ఆకులు తీశారో లేదో చూసి కూర్చోండి.

బల్ల మీద ఉదయగిరి చెక్క గరిటెలు అమ్ముతున్నారు, తీసుకోండి. కడిగిన వెంటనే తుడవాలి, నీళ్లలో నాననిస్తే పగుళ్లిస్తాయి.