డిస్ప్రోసియానికి ఏ లైగాండ్ మేలు?

బెంగళూరు మత్తికెరెలో టీ తాగుతుంటే, కొత్తగా పీహెచ్‌డీలో చేరిన కర్నూలు కుర్రాడు అడిగాడు: "అన్నా, సైక్లోపెంటాడైనైల్ పట్టుకోనా, గాలికి చెడిపోని లైగాండ్లు చూసుకోనా?" లైగాండ్ అంటే లోహ పరమాణువును చుట్టి పట్టుకునే అణువు లేదా అయాన్; సైక్లోపెంటాడైనైల్ అలాంటిదే, ఐదు కార్బన్ల రింగు.

ఒక్క అణువే అయస్కాంతంలా పనిచేయాలంటే మేమిద్దరం నమ్ముకున్నది డిస్ప్రోసియం అనే లోహాన్నే. దాని ఎలక్ట్రాన్ మేఘం చదునుగా, అప్పచ్చిలా ఉంటుంది. పైనొకటి, కిందొకటి రుణావేశమున్న లైగాండ్లు దగ్గరగా పెట్టి, నడుము చుట్టూ వదులుగా ఉంచితే అయస్కాంత దిశ అంత తేలిగ్గా తిరగబడదు. దాని సోదర లోహం ఎర్బియానికి ఈ లెక్క తలకిందులు, దాని జోలికి పోవద్దన్నాను.

చాలా ఏళ్లు రికార్డులు సైక్లోపెంటాడైనైల్ రింగులవే. అయస్కాంత గుణం నిలిచే ఉష్ణోగ్రతను 2017లో మాంచెస్టర్ వాళ్లు 60 కెల్విన్ దాకా తీసుకెళ్లారు. మరుసటి ఏడాదే ఇంకో రింగుల జంట 80 కెల్విన్ చేరింది. అంటే ద్రవ నైట్రోజన్ మరిగే 77 దాటినట్టే. అంతకన్నా చల్లబరచడానికి వాడే ద్రవ హీలియం బిల్లు చూసినవాళ్లకు ఆ మూడు డిగ్రీల విలువ తెలుసు.

మావాడు మాత్రం అయస్కాంత దిశ తిరగబడకుండా ఆపే శక్తి అడ్డుగోడ ఎత్తు ఒక్కటే చూస్తున్నాడు. 2016లో రెండు టెర్ట్-బ్యూటాక్సైడ్లు, ఐదు పిరిడిన్లు లైగాండ్లుగా చేసిన సమ్మేళనానికి ఆ గోడ 1815 కెల్విన్. మాంచెస్టర్ దానికి 1760 దరిదాపుల్లో. గోడ ఎత్తయినదే 14 కెల్విన్ దగ్గర చేతులెత్తేసింది! గోడ ఎక్కకుండానే జారుకునే దొడ్డిదారులుంటాయి మరి, లైగాండ్ కంపనాలే వాటిని తెరుస్తాయి. రింగు ఐదు కార్బన్లతో లోహాన్ని బిగించి పట్టుకుంటుంది. 80 కెల్విన్ దాంట్లో రింగు కార్బన్లకు ఒక్క హైడ్రోజనూ మిగల్చలేదు, అంటే రింగు మీద కంపించే కార్బన్-హైడ్రోజన్ బంధాలే లేవు.

కానీ గాలి, తేమ తగిలితే అంతా పోయినట్టే. పోయిన ఆగస్టు వానల్లో నా సీసా మూత కాస్త వదులైంది, రెండు నెలల పని మట్టిపాలు. అదే 2016లో ఐఐటీ బొంబాయి వాళ్లు చేసినదాంట్లో డిస్ప్రోసియం నడుము చుట్టూ ఉన్నవి ఐదు నీటి అణువులే! గాలిలో నిక్షేపంగా ఉంటుంది. పని చేయాలంటే మాత్రం బాగా చల్లబరచాలి.

మొదటి ఏడాదికి అదే మేలన్నాను. స్ఫటికం చేతికొస్తుంది, కొలతలు అలవాటవుతాయి.

"నువ్వయితే ఏది చేస్తావు?"

"రింగులే. కానీ నాకు గాలి చొరబడని గ్లవ్ బాక్స్‌లో చేయి తిరగడానికి రెండేళ్లు పట్టింది."