వాట్సాప్ రిప్లై, టెలిగ్రామ్ కోట్, ఆఫీసు మెయిల్ తోక: అన్నీ వాడి రాస్తున్న రివ్యూ

ఫోన్ల మీద, ఇయర్‌బడ్స్ మీద, బిర్యానీల మీద రివ్యూలకి కొదవ లేదు గానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మనం వాడే ఫీచర్ ఒకటుంది, దాని మీద ఒక్కరూ రాయరు. మెసేజ్‌ని వేలితో కుడివైపుకి లాగితే పాత మెసేజ్ ఒక చిన్న పెట్టెలో వచ్చి కూర్చుంటుంది, దాని కింద మన మాట టైప్ చేస్తాం, అదే, రిప్లై అనండి, కోట్ చేయడం అనండి. వాట్సాప్‌లో ఇది 2016లో వచ్చింది, అంతకు ముందు గ్రూపుల్లో ఎవరు ఎవరికి చెప్తున్నారో తెలిసేది కాదు, "అవును" అని ఒకాయన పెడితే దేనికి అవునో ఊహించుకోవడమే. ఆ లెక్కన ఇది పెద్ద సదుపాయం, ఒప్పుకోవాల్సిందే. కానీ సగం సదుపాయం, ఆ మిగతా సగం మనుషుల మర్యాద మీద నడుస్తోంది, నా కంప్లైంటల్లా అక్కడే.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు పెట్టే మెసేజ్ ఎలా ఉంటుందో చూడండి. "అందరికీ నమస్కారం. 1. లిఫ్ట్ ఏఎమ్‌సీ ఈ నెలాఖరుకి అయిపోతుంది, రెన్యూవల్‌కి ఫ్లాటుకి 600. 2. ఆదివారం సంపు క్లీనింగ్. 3. విజిటర్ పార్కింగ్‌లో పర్మనెంట్‌గా బళ్ళు పెట్టొద్దు. 4. వినాయక చవితి చందా ఈసారి 1500 అనుకుంటున్నాం, అభిప్రాయాలు చెప్పగలరు." ఇది వచ్చిన కాసేపటికి ఒకాయన దీన్ని లాగి "చాలా ఎక్కువండీ" అన్నాడు. ఏది ఎక్కువ? పెట్టెలో కనిపించేది మొదటి రెండు మూడు లైన్లే కదా, అంటే నమస్కారం, లిఫ్ట్, 600. ట్రెజరర్ గారు లిఫ్ట్ గురించే అనుకుని పోయినేడు కొటేషన్లు, వేరే కంపెనీ రేట్లు అన్నీ బయటికి తీసి ఫోటోలు పెట్టారు, ఇంకొకరు అసలు లిఫ్ట్ శబ్దం గురించి మొదలెట్టారు, రాత్రి భోజనాల టైముకి తేలిందేమిటంటే ఆయన అన్నది చందా గురించి. నాలుగు విషయాలున్న మెసేజ్‌ని ఎవరు ఎక్కడ లాగినా పెట్టెలోకి వచ్చేది మొదటి విషయమే, మిగతా మూడూ చీకట్లో ఉంటాయి. "చందా 1500 చాలా ఎక్కువండీ" అని ఇంకో రెండు ముక్కలు కొడితే సరిపోయేది, ఎవరి సొమ్మేం పోయింది.

దీనికన్నా పెద్ద తిరకాసు ఇంకోటుంది, అది ప్రత్యేకంగా మన తెలుగువాళ్ళకి. మన వాక్యంలో అసలు విషయం చివర్లో ఉంటుంది. అవునా కాదా, వస్తాడా రాడా, ఇచ్చారా ఇవ్వలేదా అన్నీ ఆఖరి మాటలో తేలతాయి. ఈ పెట్టె ఏమో కోసేది చివర్నే. ఉదాహరణకి సెక్రటరీ గారు ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టారనుకోండి: "రేపు ట్యాంకర్ రాదని వాచ్‌మన్ చెప్పినట్టు పైన ఎవరో పెట్టారు, నేనిప్పుడే ట్యాంకర్ వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కున్నా, పొద్దున ఆరింటికే వస్తుందట, బకెట్లు నింపి పెట్టుకోవాల్సిన పనేం లేదు." దీన్ని లాగి పది మంది "థ్యాంక్యూ సర్" అంటారు. ఆ పది పెట్టెల్లోనూ పైన సెక్రటరీ గారి పేరు, కింద "రేపు ట్యాంకర్ రాదని వాచ్‌మన్..." అని ఉంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గ్రూపు తెరిచి కింద నుంచి పైకి చదివేవాడికి ఏం అర్థమవుతుంది? సెక్రటరీ గారే చెప్పారు, పది మంది థ్యాంక్స్ కూడా చెప్పారు, ఇంకేముంది, పట్టు బకెట్. అందుకే ఎవరి మాటైనా ఎత్తి చూపేటప్పుడు క్రియ దాకా వస్తోందో లేదో చూసుకోవాలి, రాకపోతే ఆ చివరి ముక్క మనమే మళ్ళీ రాయాలి, "ఆరింటికి వస్తుందా, థ్యాంక్యూ సర్" అని. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఈ బాధ కొంత తక్కువ, వాళ్ళ "నాట్" ముందే వచ్చేస్తుంది.

సరే దీనికి మందు ఏమైనా ఉందా అంటే ఉంది, చాలామందికి తెలియదు. 2024 ఫిబ్రవరిలో వాట్సాప్ వాళ్ళు ఒక ఫార్మాటింగ్ ఇచ్చారు, లైను మొదట్లో > గుర్తు కొట్టి ఒక స్పేస్ ఇచ్చి రాస్తే ఆ లైను పక్కన గీత వచ్చి కోట్‌లా కనిపిస్తుంది. పెద్ద మెసేజ్‌ని కాపీ చేసుకుని, కావాల్సిన లైను ఉంచి మిగతాది చెరిపేసి, ముందు > పెట్టి, కింద మన జవాబు రాసుకోవచ్చు. పార్కింగ్‌కి ఒక జవాబు చందాకి ఒక జవాబు విడివిడిగా ఒకే మెసేజ్‌లో వచ్చేస్తాయి. కొంచెం పనే, కాదనను, కానీ సెక్రటరీలకీ ట్రెజరర్లకీ ఇది నేర్పించాలి ముందు.

ఈ గుర్తు కొత్తదేం కాదు కూడా. 1979లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాళ్ళు మొదలెట్టిన యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చా గ్రూపుల రోజుల నుంచి పాత మాటకి ముందు > పెట్టడం అలవాటు, పాత మాట లోపల ఇంకా పాత మాట ఉంటే >> అవుతుంది, ఇంకా పోతే >>>. మనవాళ్ళకీ అక్కడ సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని ఒక అడ్డా ఉండేది, తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడుతూ ఒకరి మాట కింద ఒకరు వాదించుకునేవాళ్ళు. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1855 అని నెట్ మర్యాదల మీద ఒక పత్రం వచ్చింది, అందులో ఈ సంగతి తేటగా ఉంది: జవాబిచ్చేటప్పుడు పాత మెసేజ్ సారం పైన చెప్పండి లేదా సందర్భం తెలిసేంత మేరకే ఎత్తి పెట్టండి, మొత్తం మాత్రం పెట్టకండి. ముప్పై ఏళ్ళయింది, మనం గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వుని లాగి మరీ "గుడ్ మార్నింగ్ అండి" అంటున్నాం.

ఆ గులాబీ పువ్వు దగ్గరే ఇంకో మాట. గ్రూపు గోల భరించలేక ఆర్కైవ్‌లో పడేసినవాళ్ళకి కూడా వాళ్ళ మెసేజ్‌ని ఎవరైనా కోట్ చేస్తే నోటిఫికేషన్ వెళ్తుంది. అంటే మీరు రాత్రి పన్నెండింటికి ఎవరిదో మధ్యాహ్నం జోకు లాగి "హహహ" అంటే అవతల ఒక ఫోన్ మోగుతుంది, ఆ మనిషికి పొద్దున షిఫ్ట్ ఉండొచ్చు. రియాక్షన్లు 2022లోనే ఇచ్చారు కదా, ఒక బొటనవేలు నొక్కితే పోలా.

వాట్సాప్‌లో నాకు బాగా నచ్చిందీ, జనం తక్కువ వాడేదీ రిప్లై ప్రైవేట్‌లీ. గ్రూపులో వచ్చిన మెసేజ్‌ని ఎత్తుకుని ఆ మనిషికి మాత్రమే విడిగా జవాబివ్వొచ్చు, ఏ గ్రూపులో ఏ మెసేజో అక్కడ పెట్టెలో ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న ఏదో కషాయం తాగితే షుగర్ పోతుందని ఫార్వర్డ్ పెట్టాడనుకోండి, అక్కడే కోట్ చేసి "ఇది ఫేక్" అని కొడితే ఆయన రెండు నెలలు మాట్లాడడు, పైగా కోడళ్ళ ముందు పరువు. అదే విడిగా "పెదనాన్నా, ఇది నిజం కాదంట, డాక్టర్ గారిని అడక్కుండా మాత్రలు మానకు" అంటే చాలాసార్లు ఆయనే వెళ్ళి తీసేస్తాడు. ఈ ఒక్క ఆప్షన్‌కి నేను ఒక స్టార్ ఎక్కువ ఇస్తాను.

తీసేయడం అంటే గుర్తొచ్చింది, ఎవరైనా తప్పుగా పెట్టి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా, అప్పటికే మీరు దాన్ని కోట్ చేసి ఉంటే మీ పెట్టెలో ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే ఆ పెట్టె అసలు మెసేజ్‌కి కిటికీ కాదు, మీ జవాబుతో పాటు వెళ్ళిన కాపీ. కాబట్టి ఎదుటివాళ్ళు కోపంలో ఒక మాట అని, వెంటనే తీసేసుకుంటే, దాన్ని కోట్ చేసిన మన మెసేజ్ కూడా తీసేయడం మర్యాద. కొందరు దాన్ని సాక్ష్యంలా దాచి పెట్టుకుంటారు, వాళ్ళతో నేనేం చెప్పను. ఈ కాపీ సంగతి వల్లే ఇంకో చిక్కు కూడా ఉంది: 2018లో చెక్ పాయింట్ అనే ఇజ్రాయెల్ సెక్యూరిటీ కంపెనీ రీసెర్చర్లు ఈ కోట్‌లోని మాటల్ని, చివరికి అన్నవాళ్ళ పేరుని కూడా మార్చి పంపొచ్చని చేసి చూపించారు, గ్రూపులో లేని మనిషి అన్నట్టు కూడా పెట్టొచ్చట. మామూలు మనుషులు చేసే పని కాదులెండి, దానికి టూల్స్ కావాలి. కానీ కోట్ చూసి ఒకరి మీద మండిపడే ముందు దాని మీద ఒకసారి నొక్కండి, అసలు మెసేజ్ దగ్గరికి తీసుకెళ్తుంది. తీసుకెళ్ళకపోతే డిలీట్ అయి ఉండొచ్చు, మీరు గ్రూపులో చేరకముందుది అయి ఉండొచ్చు, ఏదైనా సరే ఆగి అడగండి.

వాయిస్ మెసేజ్‌ని కోట్ చేయడం గురించి రాయడానికేం లేదు, మైకు బొమ్మ, ఎన్ని సెకన్లో ఉంటుంది, కింద "కరెక్ట్" అని ఉంటుంది. దేవుడికే తెలియాలి.

ఇప్పుడు టెలిగ్రామ్. ఇక్కడ మాత్రం పని వచ్చినవాళ్ళు కూర్చుని చేసినట్టుంది. 2023 చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి మెసేజ్‌లో మనకి కావాల్సిన ముక్క మాత్రమే సెలెక్ట్ చేసి కోట్ చేయొచ్చు, దాని మీద నొక్కితే పెద్ద మెసేజ్‌లో సరిగ్గా ఆ ముక్క దగ్గరికే వెళ్తుంది. గ్రూప్-2కి ప్రిపేర్ అయ్యేవాళ్ళ గ్రూపుల్లో ఇది ఎంత పనికొస్తుందో చూడాలి. పరీక్ష అయిన సాయంత్రం ఒకడు ముప్పై ప్రశ్నలకి కీ టైప్ చేసి పెడతాడు, దాంట్లో పద్నాలుగో ప్రశ్న ఒక్కటే పట్టుకుని "ఇది ఆప్షన్ 3 కాదు 2, పాలిటీ బుక్‌లో చూడు" అని ఇంకొకడు అంటాడు, మూడోవాడు వచ్చి సరిగ్గా అదే లైను చూసి జవాబిస్తాడు. వాట్సాప్‌లో ఇదే కథ అయితే అందరి పెట్టెల్లోనూ "ఫ్రెండ్స్ నా కీ ఇదీ, తప్పులుంటే చెప్పండి" అనే ఉండేది. ఇంకో గ్రూపులోకి తీసుకెళ్ళి జవాబివ్వడం కూడా ఉంది గానీ అది జాగ్రత్తగా వాడాలి, ఒక గ్రూపులో నలుగురి మధ్య అన్న మాటని రెండు వేల మంది ఉన్న చోట దించితే దాన్ని జవాబివ్వడం అనరు, చాడీ అంటారు.

ముక్క కోసుకునే స్వేచ్ఛ ఇస్తే మనవాళ్ళు ఏం చేస్తారో కూడా చెప్పాలి కదా. "సార్ క్లాసులు బాగుంటాయి గానీ ఫీజుకి తగ్గట్టు మెటీరియల్ ఇవ్వరు" అని ఒకరు రాస్తే "సార్ క్లాసులు బాగుంటాయి" దాకా కోసి అడ్మిషన్ల పోస్టు కింద పెట్టుకునే రకాలున్నారు. పైన చెప్పిన చివరి క్రియ గొడవే మళ్ళీ, ఈసారి యాప్ కొయ్యలేదు, మనిషే కావాలని కోశాడు. "గానీ", "అయితే", "కాకపోతే" ఉన్న వాక్యాన్ని సగంలో కోయొద్దు, పెడితే మొత్తం పెట్టండి. ఇంకా ఫార్వర్డ్‌కీ కోట్‌కీ తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది, టెలిగ్రామ్ ఫార్వర్డ్‌లో మామూలుగా అసలు రాసినవాళ్ళ పేరు పైన వస్తుంది, వాట్సాప్ ఫార్వర్డ్‌లో పేరు పోతుంది, ఎవరన్నారో తెలియని మాట ఊరంతా తిరుగుతుంది.

ఇక ఆఫీసు మెయిల్. దీనికి స్టార్లు ఇవ్వాలంటేనే చెయ్యి రావట్లేదు. అందరూ పైన రెండు ముక్కలు రాస్తారు, కింద పాత మెయిళ్ళన్నీ గొలుసులా వేలాడుతుంటాయి, "ట్రైలింగ్ మెయిల్ చూడండి" అంటారు. ఏం చూడాలి? నలభై మెయిళ్ళు, ప్రతిదానికీ సంతకం, ప్రతి సంతకం కింద కంపెనీ లోగో, ఈ మెయిల్ మీది కాకపోతే చెరిపేయండి అనే పేరా. చివరికి వెళ్ళి అక్కణ్ణుంచి పైకి చదువుకుంటూ రావాలి, పుస్తకం వెనక అట్ట నుంచి చదివినట్టు. జీమెయిల్ ఏమో ఆ తోకని మూడు చుక్కల వెనక దాచేస్తుంది, దాంతో అసలు తోక ఉందన్న సంగతే మర్చిపోతారు. నాకు తెలిసిన ఒక చోట వెండర్‌కి పంపిన మెయిల్‌లో ఆ చుక్కల కింద "వీళ్ళు ఇంకో పది పర్సెంట్ తగ్గుతారు, గట్టిగా పట్టుకోండి" అన్న లోపలి మాట కూడా వెళ్ళిపోయింది. వెండర్ తగ్గలేదు, ఎందుకు తగ్గుతాడు. కొత్త మనిషిని సీసీలో కలిపే ముందు ఆ చుక్కలు నొక్కి ఒకసారి కిందకి చూడటం, అక్కర్లేనిది కోసేయడం, ఇది అరనిమిషం పని.

"నా జవాబులు ఇన్‌లైన్‌లో రెడ్‌లో" అనేది మాత్రం మంచి పద్ధతే, ఒక్కో ప్రశ్న కింద దాని జవాబు. మొదటి రౌండుకి బాగుంటుంది. రెండో రౌండులో ఇంకొకరు బ్లూలో, మూడో ఆయన గ్రీన్‌లో రాస్తారు, ఫోన్‌లో డార్క్ మోడ్‌లో తెరిస్తే బ్లూ అసలు కనపడదు. రంగు బదులు జవాబు ముందు మీ పేరు రాయండి చాలు.

స్టార్లు అడిగితే టెలిగ్రామ్ కోట్‌కి నాలుగున్నర. వాట్సాప్‌కి మూడు, రిప్లై ప్రైవేట్‌లీకి ఆ ఎక్కువ స్టార్ కలిపే మూడు. మామూలు ఆఫీసు మెయిల్ తోకకి ఒకటి. థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం కావాల్సిన లైను సెలెక్ట్ చేసి రిప్లై కొడితే ఆ లైనే కోట్‌లో వస్తుంది, మన జవాబు కూడా దాని కిందే మొదలవుతుంది, దానికి నాలుగు ఇస్తాను. కాకపోతే మా ఆఫీసు లాప్‌టాప్‌లో ఐటీ వాళ్ళు వేరేది ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు కాబట్టి ఆ నాలుగూ ఇంటి మెయిల్‌కే.