సీసం టెస్టు కోసమైతే నెల్లూరులో ఈ ల్యాబ్‌కి వెళ్ళండి

మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ వ్యవహారం నేనే చూస్తాను. బోరు, కింద సంపు, మిద్దె మీద ట్యాంకు, అక్కడ్నుంచి ఇళ్ళకి పైపులు, నెల్లూరులో చాలా చోట్ల ఉండే ఏర్పాటే. ఇంతకుముందు వేరే చోట టెస్టు చేయిస్తే ట్యాంకు దగ్గర పట్టిన బాటిల్ తీసుకుని టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, ఫ్లోరైడ్ రాసి, నీళ్ళు బాగున్నాయని చెప్పి పంపేవాళ్ళు. ఈ ల్యాబ్‌లో సీసం కూడా చూడాలి అనగానే కౌంటర్ దగ్గరున్న అబ్బాయి, ఇంకా డబ్బులు కూడా తీసుకోలేదు, "ట్యాంకు నీళ్ళు ఒక్కటే తెస్తే తెలీదు మేడం, వంటింటి కొళాయి నుంచి పట్టాలి, అదీ పొద్దున్నే" అన్నాడు.

నాకు ఈ ల్యాబ్ నచ్చింది అందుకే. సీసం ఎక్కువగా భూమిలోంచి రాదు, పాత పైపులు, అతుకులు, ఇత్తడి కొళాయిల్లోంచి వస్తుంది. రాత్రంతా నీళ్ళు కదలకుండా నిలబడితే అందులోకి దిగుతుంది. కాబట్టి కనీసం 6 గంటలు కొళాయి ముట్టుకోకుండా ఉంచి, తెల్లారాక వచ్చే మొదటి లీటరు పట్టాలి. వాళ్ళే లీటరు బాటిళ్ళు ఇచ్చారు. ముందుగా కొళాయి వదలకూడదు, చివర జాలీ ఉంటే విప్పకూడదు, ధార సన్నగా పెట్టకూడదు, ఫ్లాట్ నంబరు, టైము అక్కడికక్కడే రాయాలి. తర్వాత కొళాయి కాసేపు బాగా వదిలేసి అదే ఇంట్లో రెండో బాటిల్ పట్టించారు. అమెరికాలో 1991లో వచ్చిన సీసం, రాగి నియమంలో ఊరి నీటి సరఫరా వాళ్ళు ఇళ్ళలో శాంపిల్ తీసేది కూడా ఇలా మొదటి లీటరు పట్టుకునే. తీసిన శాంపిళ్ళలో నూటికి 10కి మించి లీటరుకి 15 మైక్రోగ్రాములు దాటితే చర్యలు మొదలుపెట్టాలని ఆ 1991 నియమంలో పెట్టారు. మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ వాళ్ళ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాములు, అంటే 10 మైక్రోగ్రాములు, సడలింపు లేదు.

మా రిపోర్టులో ఒక ఇంట్లో మొదటి బాటిల్ 18 మైక్రోగ్రాములు చూపించింది, రెండోది హద్దుకి చాలా కిందే ఉంది. ట్యాంకు నీళ్ళకి దోషం లేదు, ఆ ఇంటి కొళాయి, దాని దగ్గరి ఫిట్టింగులదే అని అక్కడి కెమిస్టు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఇంట్లో పాలు తాగే పాప ఉంది, డబ్బా పాలు కలిపేది ఆ కొళాయి నీళ్ళతోనే. సీసం ముందు దెబ్బ తీసేది పిల్లల మెదడుని, ఇంత వరకైతే ఏమీ కాదు అనే హద్దే లేదని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో మిషన్లు అమ్మేవాళ్ళు చూపించే టీడీఎస్ మీటరు అంకె చూసి కూడా ధైర్యం తెచ్చుకోవద్దు, మైక్రోగ్రాముల్లో ఉండే సీసాన్ని అది పట్టలేదు. కొళాయి, దాని కింది ముక్క మార్పించాక అదే పద్ధతిలో మళ్ళీ టెస్టు చేయిస్తే హద్దులోపలికి వచ్చింది. పైపులు కూడా ఒకసారి చూసుకోండి, పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజర్ (తయారీలో వేడికి ప్లాస్టిక్ చెడకుండా కలిపేది) మీద కేంద్రం రూల్స్ తెచ్చింది 2021లోనే, మా బిల్డింగ్ అంతకుముందుది.

ఇక ఇబ్బందులు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. కెమిస్టు చెప్పబట్టి నాకు అర్థమైంది గానీ మీటింగ్‌లో పెద్దవాళ్ళకి నేను ఒక్కో లైను విడమర్చి చెప్పాల్సి వచ్చింది. తెలుగులో ఒక పేజీ జతచేస్తే ఏం పోతుంది? కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వాళ్ళు శాంపిల్ తామే తెచ్చుకోవాలి, టౌను బయటికి రారట. పంచాయతీ స్కీములు నడిపేవాళ్ళకే ఈ టెస్టు అవసరం ఎక్కువ, ఊళ్ళలో ఇచ్చిన కిట్లతో ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్ లాంటివి చూసుకోవచ్చు గానీ సీసానికి ల్యాబ్ మిషన్ కావాలి. వాళ్ళ కోసం వారానికి ఒక రోజైనా బండి పంపిస్తే బాగుంటుంది.

ఆ రెండిటికీ ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నాను. వెళ్ళేవాళ్ళు కౌంటర్‌లో "సీసం, పొద్దున మొదటి నీళ్ళు" అని విడిగా అడగండి, మామూలు ప్యాకేజీలో అది ఉండదు. బాటిళ్ళు మాత్రం ముందు రోజు సాయంత్రమే తెచ్చుకోండి.