టెన్షన్ తగ్గకపోతే: 14416కి ఫోనా, డాక్టర్ దగ్గరికా?

పరీక్షో, ఈఎంఐనో దాటగానే తగ్గేది మామూలు టెన్షన్. నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకుండా రెండు వారాలు గడిస్తే అది వేరే సంగతి.

ఖర్చు: 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ (14416) ఉచితం. సైకియాట్రిస్టు (మానసిక వైద్యుడు) దగ్గరికైతే ఫీజు, మందుల ఖర్చు ఉంటాయి; ప్రభుత్వాసుపత్రిలో తక్కువే.

శ్రమ: ఫోన్‌కు డాబా మీదికి వెళ్తే చాలు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రికి సెలవు పెట్టాలి. "ఎర్రగడ్డకా?" అని నవ్వే చుట్టాలను దాటాలి, అసలు శ్రమ అదే.

రిస్క్: ఫోన్‌లో థైరాయిడ్ పరీక్ష జరగదు; దిగులుకు, నీరసానికి అదీ కారణం కావచ్చు. మందులు మొదలైతే సొంతంగా ఆపకూడదు.

ఎవరికీ చెప్పుకోలేకపోతే ముందు ఫోన్. ఉద్యోగం, చదువు కుంటుపడితే డాక్టర్. బతకాలనిపించకపోతే ఈ లెక్కలేవీ వద్దు: వెంటనే 14416కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.