సస్పెన్షన్ మందుల్లో ఏది మేలు: నెమ్మదిగా పేరుకునే మడ్డా, త్వరగా పేరుకునే మడ్డా?

నీటిలో కరగని మందును పిల్లలకు ద్రవరూపంలో, అంటే మందు రేణువులు ద్రవంలో చెదిరి ఉండే సస్పెన్షన్‌గా ఇవ్వాలంటే తయారీదారు ముందు ప్రధానంగా రెండు దారులుంటాయి. రేణువులు ఒకదానినొకటి వికర్షించుకుంటూ విడివిడిగా ఉండే డీఫ్లాక్యులేటెడ్ సస్పెన్షన్ ఒకటి, అవి వదులుగా గుంపులు కట్టే ఫ్లాక్యులేటెడ్ సస్పెన్షన్ మరొకటి.

మొదటి వారాల్లో చూస్తే డీఫ్లాక్యులేటెడ్ సీసాయే బాగుందనిపిస్తుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, 10 మైక్రాన్ల రేణువుతో పోలిస్తే 5 మైక్రాన్ల రేణువు నాలుగో వంతు వేగంతోనే దిగుతుంది. ద్రవమంతా చాలాకాలం ఒకే రంగులో నిండుగా కనిపిస్తుంది. అసలు చిక్కు ఆ నెమ్మదిలోనే ఉంది. ఒక్కొక్కటిగా దిగే రేణువుల్లో చిన్నవి పెద్దవాటి సందుల్లో ఇమిడిపోతాయి, పైపొరల బరువుకు కింది పొరలు బిగుసుకుంటాయి, కొన్ని నెలలకు సీసా అడుగున గట్టి అచ్చు తయారవుతుంది. అప్పుడు ఎంత ఊపినా అది పూర్తిగా లేవదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వంటి మందులో ఇది చిన్న లోపం కాదు: మడ్డి సరిగా కలవకపోతే మొదటి చెంచాల్లో మందు తగ్గి మూర్ఛ అదుపు తప్పవచ్చు, చివరి చెంచాల్లో ఎక్కువై విషప్రభావం కలగవచ్చు.

ఫ్లాక్యులేటెడ్ సస్పెన్షన్ త్వరగా దిగుతుంది, పైన తేట నీరు నిలుస్తుంది. అయితే గుంపుల మధ్య ద్రవం చిక్కుకుని ఉండటం వల్ల మడ్డి గుల్లగా, ఎత్తుగా ఉంటుంది, 100 మి.లీ. సస్పెన్షన్‌లో మడ్డి 60 మి.లీ. ఆక్రమిస్తే దాని అవక్షేప నిష్పత్తి 0.6 అంటాము. కొద్దిగా ఊపితే చాలు, మళ్లీ కలుస్తుంది. బిస్మత్ సబ్‌నైట్రేట్ ఇందుకు చక్కని ఉదాహరణ. నీటిలో దాని రేణువులకు ధనావేశం ఉంటుంది. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ అనే లవణాన్ని కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే జీటా పొటెన్షియల్ (రేణువుల ఆవేశం వల్ల కలిగే వికర్షణకు కొలత) తగ్గి సున్నాకు చేరువవుతుంది, రేణువులు గుంపు కడతాయి, మడ్డి ఎత్తు పెరుగుతుంది. అక్కడ ఆగకుండా ఇంకా కలిపితే ఆవేశం రుణాత్మకంగా మారి రేణువులు మళ్లీ విడిపోతాయి, అడుగున మళ్లీ గట్టిపడతాయి. కలపవలసిన లవణం మోతాదును ప్రయోగం చేసి తేల్చుకోవలసిందే. ఇందులో అంచనాకు చోటు లేదు.

నా దృష్టిలో ఏడాది, రెండేళ్లు నిల్వ ఉండవలసిన సీసాకు ఫ్లాక్యులేషనే మేలు, కాని ఒంటరిగా కాదు. మడ్డి త్వరగా దిగితే సీసా ఊపి చెంచాలో పోసేలోపే మోతాదు తేడా రావచ్చు; పైన తేట చూసి మందు పాడైందని తల్లిదండ్రులు పారవేయనూవచ్చు. అందుకే ఫ్లాక్యులేట్ చేసిన రేణువులను జాంథాన్ గమ్ వంటి, నిలకడగా ఉన్నప్పుడు చిక్కగానూ ఊపినప్పుడు పలుచగానూ ఉండే ద్రవంలో ఉంచుతారు. ఇక్కడా జాగ్రత్త అవసరం: అల్యూమినియం క్లోరైడ్‌తో గుంపు కట్టించినప్పుడు దాని ధనావేశ అయాన్లకు, ద్రవాన్ని చిక్కబరిచే రుణావేశ పదార్థమైన సోడియం సీఎంసీకి పొత్తు కుదరదు. డీఫ్లాక్యులేటెడ్ ద్రవాన్ని ఊరికే చిక్కబరచడం మాత్రం నాకు సమ్మతం కాదు. అది గట్టిపడటాన్ని వాయిదా వేస్తుందే తప్ప ఆపదు, పైగా గట్టిపడ్డాక చిక్కని ద్రవంలో మడ్డిని లేపడం మరింత కష్టం.

ఇంట్లో నీళ్లు కలిపి కొద్దిరోజుల్లోనే ముగించే అమాక్సిసిలిన్ డ్రై సిరప్‌కు ఈ లెక్క అంత కఠినంగా వర్తించదు, ఎందుకంటే మడ్డి బిగుసుకునేంత సమయం దానికి దొరకదు. నోటి ద్వారా తీసుకునే ఎమల్షన్లలోనూ (నూనె బిందువులు నీటిలో చెదిరి ఉండే మందులు) ఇదే తరహా ఎంపిక ఉంటుంది: నూనె బిందువుల చుట్టూ పొర చెక్కుచెదరనంత వరకు పైకి తేలిన మీగడను ఊపి కలపవచ్చు, పొర తెగి నూనె వేరుపడితే మాత్రం ఆ సీసాను పారవేయాలి. సిరలోకి ఎక్కించే కొవ్వు ఎమల్షన్‌లో బిందువుల సగటు పరిమాణం 0.5 మైక్రాన్‌ను మించకూడదు కనుక, అక్కడ ఊపి సరిచేసుకుందామనే వెసులుబాటుకు తావే లేదు.